మన చెరువు చేపకు మన చేతి ఎర: మెత్తటి ప్లాస్టిక్ ఎరలు, జిగ్‌లు ఇంటి దగ్గర తయారుచేసుకునే విధానం

కొర్రమీను ఏమి తింటుందో గాలం పట్టిన ప్రతివారికీ తెలుసు. కప్ప, చేదు పరిగె, బొమ్మిడాయి పిల్ల, గట్టు వెంట తిరిగే చిన్న రొయ్య. అంగట్లో దొరికే మెత్తటి ప్లాస్టిక్ ఎరల ప్యాకెట్లు తిరగేసి చూస్తే మాత్రం వాటిలో చాలావరకు క్రేఫిష్ ఆకారాలే కనిపిస్తాయి. క్రేఫిష్ అంటే రొయ్యను పోలిన, ముందు పెద్ద కొండీలున్న మంచినీటి జీవి, అమెరికా నీళ్లలో బాస్ అనే వేట చేపకు ఇష్టమైన తిండి. మన దేశపు నీళ్లలో సహజంగా ఆ జీవే లేదు. ఆకలి మీదున్న చేప దానినైనా నోట కరుచుకోవచ్చు, కాదనను. కానీ మన చెరువులో చేప రోజూ వెంటాడే ఆకారం, ఆ పొడవు, ఆ రంగు, ఆ తోక ఊపు ఉన్న ఎర కావాలంటే దానిని మనమే తయారుచేసుకోవాలి. ఖర్చు తగ్గుతుందని ఈ పనిలోకి దిగేవాళ్లు ఉన్నారు. అచ్చులకు, పరికరాలకు అయ్యే ఖర్చు కలుపుకుంటే మొదటి ఏడాది మిగిలేదేమీ ఉండదు. నీటికి తగ్గ ఎర దొరుకుతుంది, అసలు లాభం అదే.

ఈ పని ఇంట్లో మొదలైనదే. 1949లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రం, యాక్రన్ పట్టణంలో నిక్ క్రీమ్, ఆయన భార్య కాస్మా కలిసి వానపాము ఆకారంలో మెత్తటి ప్లాస్టిక్ ఎర పోశారు. ఆ తర్వాత వచ్చిన మెత్తటి ఎరలన్నీ ఆ దారిలో నడిచినవే.

ముందుగా జాగ్రత్తలు

జాగ్రత్తలను చివర్లో చెబితే ఎవరూ చదవరు. అందుకే ముందు చెబుతున్నాను.

ఈ ఎరలకు వాడే ద్రవం పేరు ప్లాస్టిసాల్. పీవీసీ పొడిని, దానిని మెత్తబరిచే నూనె లాంటి ప్లాస్టిసైజర్‌లో కలిపి ఉంచిన తెల్లటి ద్రవం ఇది. సుమారు 160 నుంచి 175 డిగ్రీల సెల్సియస్ వేడి తగిలితే పొడి ఆ నూనెను పూర్తిగా పీల్చుకుంటుంది. చల్లారితే సాగే గుణమున్న మెత్తటి ముద్ద అవుతుంది. వేడి 190 డిగ్రీలు దాటి మాడడం మొదలైతే పీవీసీ నుంచి హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వెలువడుతుంది. అది కళ్లను, గొంతును, ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. మాడకపోయినా మామూలు ఆవిరిని పీల్చడం కూడా మంచిది కాదు. కాబట్టి ఈ పనికి వంటగది పనికిరాదు. ఆరుబయట గాని, రెండువైపులా తలుపులున్న షెడ్డులో గాని చేయండి. మీ వీపు వెనుక ఫ్యాను పెట్టి, ఆవిరి మీకు ఎదురుగా బయటికి పోయేలా చూసుకోండి. గుడ్డ మాస్కు, ఆసుపత్రి మాస్కు ఈ ఆవిరిని ఆపలేవు. సేంద్రియ ఆవిరులను, ఆమ్ల వాయువులను ఆపే కార్ట్రిడ్జ్ ఉన్న రెస్పిరేటర్ కొనండి.

రెండోది కాలిన గాయాలు. ఈ ద్రవం మరిగే నీటి కంటే చాలా వేడిగా ఉంటుంది, పైగా చర్మానికి అతుక్కుంటుంది. పొడుగు చేతుల నూలు చొక్కా, ప్యాంటు, మూసిన బూట్లు, తోలు చేతితొడుగులు, కళ్లద్దాలు ఉండాలి. నైలాన్, పాలిస్టర్ బట్టలు వేసుకోవద్దు. చర్మం మీద పడితే వెంటనే కుళాయి నీటి ధార కింద 20 నిమిషాలు ఉంచాలి. అతుక్కున్న ప్లాస్టిక్‌ను పీకవద్దు, అలాగే డాక్టరు దగ్గరికి వెళ్లండి.

మూడోది నీరు. వేడి ప్లాస్టిసాల్‌లో ఒక్క నీటి చుక్క పడినా అది ఆ క్షణంలోనే ఆవిరై, వేడి ప్లాస్టిక్‌ను చుట్టూ చిమ్ముతుంది. కప్పు, పుల్ల, అచ్చు, చేతితొడుగు అన్నీ ఎముకలా ఎండి ఉండాలి. ఈ పనికి వాడిన గిన్నె, మైక్రోవేవ్, గరిట మళ్లీ తిండికి వాడకూడదు. పొయ్యి దగ్గరికి పిల్లలను రానివ్వవద్దు.

కావలసినవి

ప్లాస్టిసాల్ మన దేశంలో పరికరాల పిడులకు తొడుగు వేయడానికి, గాస్కెట్లకు, బట్టల మీద అచ్చు వేసే రంగులకు కూడా వాడతారు. ఆ రకాలు కొని ఎరలు పోస్తే గట్టిగా వస్తాయి. చేపల ఎరలకని అమ్మే రకమే తెప్పించుకోండి. థాలేట్లు అనే రకం ప్లాస్టిసైజర్లు లేనిది దొరికితే అదే తీసుకోండి. మెత్తబరిచే ద్రవం, గట్టిపరిచే ద్రవం విడిగా దొరుకుతాయి. అసలు ప్లాస్టిసాల్ కొనకముందే పని నేర్చుకోవాలంటే ఒక మంచి దారి ఉంది: తోక తెగిన, తల చిరిగిన పాత ఎరలను మీ దగ్గరివి, స్నేహితులవి పోగుచేసి కరిగించండి. అచ్చు పోయడంలో చేయి కుదిరేదాకా ఆ సరుకు చాలు.

మిగతావి: వేడిని తట్టుకునే బోరోసిలికేట్ గాజు కొలత కప్పు ఒకటి, ఈ పనికే కేటాయించిన పాత మైక్రోవేవ్ లేదా వేడిని తగ్గించి పెంచుకునే కాయిల్ పొయ్యి, ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్, కలపడానికి ఎండు పుల్లలు, రంగు, మెరుపు పొడి, గ్రాముల త్రాసు. థర్మామీటర్ లేకుండా మొదలుపెట్టవద్దు. ఈ మొత్తం పనిలో మీ ఊపిరితిత్తులను, మీ సరుకును రెండింటినీ కాపాడే పరికరం అదే.

మూల నమూనా: తోక దగ్గరే అసలు పని

అచ్చు తీయడానికి ముందు ఎర ఆకారంలో ఒక నమూనా కావాలి. ఎండని మోడలింగ్ క్లేతో చేయవచ్చు. నాకు చెక్కతో చేసినదే ఇష్టం. కొండపల్లి బొమ్మలు చెక్కే తెల్ల పొణికి చెక్క ఈ పనికి చక్కగా సరిపోతుంది. తేలిక, మెత్తన, చిన్న చాకుకే లొంగుతుంది. చెక్కిన తర్వాత సన్నటి గరుకు కాగితంతో రుద్ది, రెండు పూతలు వార్నిష్ వేయండి. నమూనా మీద ఉన్న ప్రతి గీతా ప్రతి ఎర మీదా దిగుతుంది.

ఆకారం మీ నీటిని బట్టి నిర్ణయించుకోండి. తామరాకులు, గుర్రపుడెక్క ఉన్న ఊరి చెరువులో కొర్రమీనుకు 8 నుంచి 10 సెంటీమీటర్ల కప్ప గాని, లావుపాటి పరిగె గాని సరిపోతుంది. పండుగప్ప తిరిగే గోదావరి, కృష్ణా పాయల్లోనూ ఉప్పుటేరుల్లోనూ అయితే 9 నుంచి 12 సెంటీమీటర్ల మెత్తళ్ల ఆకారం లేదా రొయ్య ఆకారం చేయండి. పండుగప్ప కొరకదు, నోరు ఒక్కసారిగా తెరిచి నీటితో పాటు ఎరను లోపలికి లాగేసుకుంటుంది. అందుకే దానికి ఎర మరీ గట్టిగా ఉండకూడదు. నోట్లో ముడుచుకుపోవాలి, అప్పుడే గాలం ముల్లు బయటపడి దిగుతుంది. కొర్రమీనుకు పళ్లున్నాయి, ఒకటి రెండు దెబ్బలకే మెత్తటి ఎర చీలిపోతుంది. దానికి చేసేవాటిలో గట్టిపరిచే ద్రవం కాస్త కలపాలి.

ఇక తోక. తెడ్డు తోక ఎర నీటిలో ఊగడానికి కారణం తెడ్డు ఒక్కటే కాదు. తెడ్డుకు, ఒంటికి మధ్య ఉన్న సన్నటి మెడ వల్ల ఆ ఊపు వస్తుంది. ఎరను లాగినప్పుడు నీరు తెడ్డును ఒక పక్కకు నెడుతుంది, మెడ వంగుతుంది, సాగే గుణం దానిని వెనక్కి తెస్తుంది, ఊపు కొనసాగుతుంది. మెడ లావైతే వేగంగా లాగితే తప్ప తోక కదలదు. మరీ సన్ననైతే రెండో చేపకే తెగుతుంది. 10 సెంటీమీటర్ల ఎరకు 3 మిల్లీమీటర్ల మెడతో మొదలుపెట్టండి. తెడ్డు ఎత్తు ఎర ఒంటి ఎత్తుతో సమానంగా ఉండాలి. తెడ్డును ఒంటికి సరిగ్గా నిలువుగా కాక, పైభాగం కొద్దిగా ముందుకు వాలేలా చెక్కితే నెమ్మదిగా లాగినా ఊగుతుంది. వానాకాలం బురద నీటిలో చేప కంటితో కంటే పక్క గీతతో, అంటే ఒంటి పక్కన నీటి కదలికను పసిగట్టే అవయవంతో ఎక్కువగా వేటాడుతుంది. ఆ కాలానికి పెద్ద తెడ్డు నమూనా, చలికాలపు తేట నీటికి చిన్న తెడ్డు నమూనా, రెండూ వేరువేరుగా చేసి పెట్టుకోవడం మంచిది.

అంగట్లో కొన్న ఎరనే నమూనాగా పెట్టి అచ్చు తీయడం సులువే. సొంత వాడకానికైతే సరే. దానిని పోసి అమ్మడం మాత్రం ఇంకొకరి కష్టాన్ని తీసుకోవడమే.

అచ్చు పోయడం

సిలికాన్ అచ్చులు, అల్యూమినియం అచ్చులు ఉన్నాయి. నేర్చుకోవడానికి ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్ చాలు.

వానపాము, బొమ్మిడాయి వంటి పొడుగు ఆకారాలకు ఒకే ముక్క అచ్చు సరిపోతుంది. నమూనాకు ఒక వైపు చదునుగా చేసి, ఆ వైపును గాజు పలక మీద చుక్క జిగురుతో అతికించండి. చుట్టూ 2 సెంటీమీటర్ల దూరం వదిలి అట్టముక్కలతో గోడ కట్టండి. నమూనాకు, గాజుకు పెట్రోలియం జెల్లీ సన్నగా రాయండి. ప్లాస్టర్ కలిపేటప్పుడు నీటిలో పొడిని చల్లాలి, పొడి మీద నీరు పోయకూడదు. కొలతకు ఒక గ్లాసు నీటికి రెండు గ్లాసుల పొడి. గాలి బుడగలు రాకుండా నెమ్మదిగా కలిపి, ముందుగా కుంచెతో నమూనా మీద ఒక పూత వేసి, తర్వాత మిగతాది ఒక మూల నుంచి పోయండి. బల్లను కింద నుంచి తట్టితే లోపలి గాలి పైకి వస్తుంది. అరగంటలో గట్టిపడుతుంది, గంట తర్వాత విప్పండి.

తెడ్డు తోక, కప్ప వంటి గుండ్రటి ఆకారాలకు రెండు ముక్కల అచ్చు కావాలి. నమూనాను సగం వరకు మోడలింగ్ క్లేలో పాతండి. మధ్య గీత సరిగ్గా సగంలో రావాలి, లేకపోతే ఎండిన తర్వాత అచ్చు విడవదు. పక్కన క్లేలో మూడు గుంటలు చేయండి, రెండు ముక్కలూ సరిగ్గా కూర్చోవడానికి అవే ఆధారం. తల వైపు పెన్సిల్ లావు ఉన్న పోత దారి కోసం ఒక పుల్ల ఆనించండి. మొదటి సగం పోసి, గట్టిపడ్డాక క్లే తీసేసి, జెల్లీ ఒత్తుగా రాసి రెండో సగం పోయండి. తెడ్డు చివర నుంచి బయటికి సూది అంత సన్నటి గాలి దారి గీయండి. ఈ దారి లేకపోతే తెడ్డులో గాలి చిక్కుకుని, సగం తోకతోనే ఎరలు వస్తాయి.

ఇప్పుడు ఎండబెట్టడం. ఈ మెట్టు దగ్గరే చాలామందికి ఓపిక సరిపోదు. ప్లాస్టర్ పైకి తెల్లగా, పొడిగా కనిపిస్తున్నా లోపల నీరు ఉంటుంది. తడి అచ్చులో 170 డిగ్రీల ద్రవం పోస్తే ఆ నీరు ఆవిరై ఎర నిండా బుడగలు తెస్తుంది, కొన్నిసార్లు ద్రవాన్ని మొహం మీదికే చిమ్ముతుంది. ఎండిందో లేదో చేత్తో తాకి చెప్పలేం. రోజూ ఉదయం అచ్చును త్రాసు మీద పెట్టి బరువు అట్ట మీద రాయండి. బరువు తగ్గుతున్నంత కాలం నీరు పోతున్నట్టు. వరుసగా మూడు రోజులు ఒకే అంకె వస్తే ఎండినట్టు. వేసవిలో రాయలసీమ ఎండకు వారంలోపే అయిపోయేది, వానాకాలంలో కోస్తా ఊళ్లలో ఎన్నాళ్లకూ అవ్వదు. అందుకే అచ్చుల పని మార్చి, ఏప్రిల్ నెలల్లో పెట్టుకోండి.

ఎండిన తర్వాత తెల్ల ఫెవికాల్‌ను సగం నీటితో పల్చగా చేసి రెండు మూడు పూతలు వేయండి. ఒక్కో పూత పూర్తిగా ఆరాకే మరొకటి. మెరిసే ఎరలు కావాలంటే ఫెవికాల్‌కు బదులు ఎపాక్సీ పూత వేయాలి. పూత వేశాక మళ్లీ రెండు రోజులు ఎండనివ్వండి.

కరిగించడం, పోయడం

ప్లాస్టిసాల్ సీసాలో పొడి అడుగున పేరుకుంటుంది. బాగా గిలకరించి, బుడగలు తేరుకోవడానికి కాసేపు ఉంచండి. మొదట 100 మిల్లీలీటర్లకు మించి తీసుకోవద్దు. ఆ కొలతకు 10 సెంటీమీటర్ల ఎరలు ఏడెనిమిది వస్తాయి.

మైక్రోవేవ్‌లో ఒక నిమిషం పెట్టి తీసి, అడుగు నుంచి కలపండి. ఆ తర్వాత 30 సెకన్ల చొప్పున పెట్టి, ప్రతిసారీ కలుపుతూ పోవాలి. ద్రవం మారే తీరును కంటితో గుర్తుపట్టడం నేర్చుకోవాలి. మొదట పాల తెలుపు. వేడెక్కేకొద్దీ అంచుల దగ్గర చిక్కబడి ముద్దలు కడుతుంది, పుల్ల తిప్పడం కష్టమవుతుంది. కొత్తవాళ్లు ఇక్కడ సరుకు చెడిపోయిందని పారేస్తారు. చెడిపోలేదు, పొడి నూనెను పీల్చుకుంటోంది. ఇంకా వేడి చేస్తే ఆ ముద్దలు జారుగా మారి, తెలుపు పోయి, పుల్ల ఎత్తితే బెల్లం తీగ పాకంలా తెగకుండా సాగుతుంది. గాజు కప్పు అవతల వేళ్లు కనిపించేంత తేటగా వస్తుంది. థర్మామీటర్ 165 నుంచి 175 మధ్య చూపిస్తుంటే ఆపండి. లేత పసుపు రంగు తిరుగుతుంటే మాడడం మొదలైందన్నమాట. ఘాటు వాసన వస్తే కప్పును బయట నేల మీద పెట్టి దూరంగా వెళ్లండి, నీరు మాత్రం పోయవద్దు. ఒకే సరుకును మళ్లీ మళ్లీ వేడి చేయాల్సి వస్తే వేడిని తట్టుకునే స్టెబిలైజర్ కొద్ది చుక్కలు కలపాలి.

తేటపడిన తర్వాత రంగు వేయండి. ఒక్కో చుక్కే వేసి, పుల్లతో తీసి తెల్ల కాగితం మీద చల్లార్చి చూడండి, కప్పులో కనిపించే రంగు ఎరలో కనిపించదు. బురద నీటికి నలుపు, ముదురు ఊదా నీడగా బాగా కనిపిస్తాయి. తేట నీటికి ఆకుపచ్చ ఛాయతో అవతలి వెలుగు కనిపించేంత పల్చటి రంగు, కొద్దిగా వెండి మెరుపు. మెరుపు పొడి ఎక్కువ వేయాలనే ఉబలాటం అందరికీ ఉంటుంది. పరిగె ఒంటి మీద అంత మెరుపు లేదు. 100 మిల్లీలీటర్లకు పావు చెంచా దాటకండి.

ఎర త్వరగా మునగాలంటే ఉప్పు కలుపుతారు. ఉప్పును మిక్సీలో మెత్తగా పొడి చేసి, పెనం మీద వేయించి తేమ పోగొట్టాకే వేయాలి. ఉప్పు ఎంత పెరిగితే ఎర అంత త్వరగా చిరుగుతుంది. కొర్రమీను ఎరల్లో నేను ఉప్పు అసలు వేయను.

అచ్చు గోరువెచ్చగా ఉంటే సన్నటి తోకల్లోకి ద్రవం బాగా దిగుతుంది. రెండు ముక్కల అచ్చును బిగించి కట్టి, తల పైకి వచ్చేలా నిలబెట్టండి. ద్రవాన్ని సన్నటి ధారగా, ఆపకుండా పోయండి. ఆపి ఆపి పోస్తే ఆ చోట మడత గీత వస్తుంది, ఎర అక్కడే తెగుతుంది. ఒకే ముక్క అచ్చులో అయితే తోక నుంచి మొదలుపెట్టి తల వైపు రండి. చల్లారేటప్పుడు ప్లాస్టిక్ కుంచించుకుపోతుంది కాబట్టి పోత దారి నిండుగా ఉంచి, దిగినకొద్దీ కాస్త కాస్త పోయండి. రెండు రంగులు కావాలంటే కడుపు రంగు పోసి, అది ఇంకా వేడిగా ఉండగానే వీపు రంగు పోయాలి. చల్లారాక పోస్తే రెండూ అతుక్కోవు.

పది నిమిషాల తర్వాత విప్పండి. తీసిన ఎరను తిన్నగా గాజు పలక మీద పరచండి. వెచ్చగా ఉండగా వంకరగా పడుకుంటే ఆ వంకర అలాగే నిలిచిపోతుంది, నీటిలో ఎర పక్కకు తిరుగుతుంది. ఒక రోజు గడిచాక గాలానికి గుచ్చండి.

తప్పులు వచ్చిన చోట కారణం వెతకడం కష్టం కాదు. ఎర నిండా బుడగలుంటే అచ్చు తడి. తోక సగమే వస్తే గాలి దారి మూసుకుపోయింది లేదా ద్రవం చల్లారిపోయింది. ఎర తెల్లగా, మబ్బుగా ఉండి లాగగానే పుటుక్కున తెగితే వేడి చాలలేదు, పొడి పూర్తిగా కరగలేదు. జిడ్డు కారుతుంటే మెత్తబరిచే ద్రవం ఎక్కువైంది. తప్పు ఎరలన్నీ మళ్లీ కరిగించవచ్చు, మాడినవి తప్ప.

జిగ్ తలలు

గాలం మెడకు లోహపు తల పోస్తే అది జిగ్. మెత్తటి ఎరకు బరువు, దిశ రెండూ అదే ఇస్తుంది.

చాలామంది సీసంతో పోస్తారు. సీసం 327 డిగ్రీలకు కరుగుతుంది, చవక, బరువు. కానీ సీసం విషం. సురక్షితం అని చెప్పగలిగిన స్థాయి ఏదీ రక్తంలో లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అన్నిటికంటే ఎక్కువ నష్టం చిన్న పిల్లల మెదడుకు. పోసేటప్పుడు లేచే పొడి బట్టలకు, జుట్టుకు అంటి ఇంట్లోకి వస్తుంది. బ్రిటన్‌లో చాలా రకాల సీసపు గాలపు గుండ్లను నీటి పక్షులు మింగి చనిపోతున్నాయని 1987లోనే నిషేధించారు. పిల్లలున్న ఇంట్లో సీసం కరిగించవద్దని గట్టిగా చెబుతాను. పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం తీసే పని ఏ ఇంట్లోనూ వద్దు.

దాని స్థానంలో బిస్మత్, తగరం కలిపిన మిశ్రమ లోహం వాడండి. 58 పాళ్లు బిస్మత్, 42 పాళ్లు తగరం ఉన్న మిశ్రమం 138 డిగ్రీలకే కరుగుతుంది. చిన్న కాయిల్ పొయ్యి మీద, స్టీలు గరిటలో పని అయిపోతుంది. సీసం సాంద్రత 11.3 అయితే దీనిది సుమారు 8.6. కాబట్టి 10 గ్రాముల సీసపు తల పోసే అచ్చులో ఇది ఏడున్నర గ్రాములే తూగుతుంది. బరువు తగ్గకూడదనుకుంటే అచ్చు గుంటను ఆ మేరకు పెద్దదిగా చేసుకోవాలి. ఈ మిశ్రమం పెళుసు, రాళ్లకు కొడితే పగలవచ్చు. అచ్చమైన తగరం 232 డిగ్రీలకు కరుగుతుంది, పెళుసు కాదు, కానీ ఇంకా తేలిక.

అచ్చు ఎరల మాదిరే రెండు ముక్కల ప్లాస్టర్‌తో తీయవచ్చు, పూత మాత్రం అక్కర్లేదు. ఎండడం ఇక్కడ మరీ ముఖ్యం. తడి తగిలిన కరిగిన లోహం పేలినట్టు చిమ్ముతుంది. నమూనా చేసేటప్పుడే గాలం కాడ మీద చిన్న ముల్లు లాంటి మొన ఉండేలా చూడండి. మెత్తటి ఎర వెనక్కి జారకుండా పట్టేది అదే. గాలం మామూలుది కాకుండా, కన్ను (దారం కట్టే రంధ్రం) దగ్గర వంగిన జిగ్ గాలమే తీసుకోండి. నిలువుగా ఎత్తి దించడానికి 90 డిగ్రీల వంపు, గడ్డిలోంచి లాగడానికి 60 డిగ్రీల వంపు బాగుంటాయి. గడ్డిలోకి తూటా ఆకారపు తల, మిగతా చోట్లకు గుండ్రటి తల. చెరువులకు 5 నుంచి 10 గ్రాములు, ఆటుపోట్ల నీటికి 14 నుంచి 28 గ్రాములు పోయండి.

రంగు వేయడంలో ఒక మెలిక ఉంది. జిగ్ తలలకు పొడి రంగు వేసి ఓవెన్‌లో 175 డిగ్రీల దగ్గర కాల్చడం పరిపాటి. బిస్మత్, తగరం తలను ఆ వేడిలో పెడితే రంగు ఆరకముందే తల కరిగి కారిపోతుంది. ఈ తలలకు గోళ్ల రంగు రెండు పూతలు, పైన పారదర్శకమైన ఎపాక్సీ ఒక పూత వేయండి. తల మీద చేప కన్ను దిద్దడం మరిచిపోకండి, తెల్లటి చుక్కలో నల్లటి చుక్క చాలు.

ప్లాస్టిక్ ఎరకు బదులు ఈకలు, వెంట్రుకలు కట్టిన జిగ్‌లు కూడా బాగా పనిచేస్తాయి. విదేశీ వీడియోలలో జింక తోక వెంట్రుకలు కడుతుంటారు. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం జింక శరీర భాగాలు దగ్గర ఉంచుకోవడమే నేరం. నాటు కోడిపుంజు మెడ ఈకలు, మేక వెంట్రుకలు ఉన్నాయి కదా. వాటిని సబ్బు నీటితో కడిగి ఆరబెట్టి, గట్టి దారంతో తల వెనుక పది చుట్లు చుట్టి, ముడి మీద ఎపాక్సీ చుక్క వేయండి. కోడి ఈక నీటిలో ఆగినప్పుడు కూడా ఊపిరి పీలుస్తున్నట్టు కదులుతుంది. నీరు చల్లబడి చేప మందకొడిగా ఉండే డిసెంబరు, జనవరి నెలల్లో నేను ముందుగా కట్టేది ఈ జిగ్‌నే.

గుచ్చడం, పరీక్షించడం

ఎరను గాలం పక్కన ఆనించి, ముల్లు ఎక్కడ బయటికి రావాలో గోటితో గుర్తు పెట్టుకోండి. ముక్కు మధ్యలో దించి, ఒంటి మధ్య గుండా తెచ్చి, ఆ గుర్తు దగ్గర వీపు మీద తీయండి. గుచ్చిన ఎర గాలం మీద తిన్నగా పడుకోవాలి. ముడత పడితే తీసి మళ్లీ గుచ్చండి. గుర్రపుడెక్కలో వేసేటప్పుడు జిగ్ తల తీసేసి, మెడ వంపు ఉన్న పెద్ద గాలానికి గుచ్చి, ముల్లు మొనను ఎర వీపు చర్మంలోనే దాచండి. గడ్డి తగలదు, చేప నొక్కగానే మొన బయటికి వస్తుంది.

చెరువుకు వెళ్లకముందే నీళ్ల తొట్టిలో లాగి చూడండి. నడక వేగంతో లాగితే తోక ఊగాలి, ఒళ్లు కొద్దిగా అటూ ఇటూ దొర్లాలి. తోక కదలకపోతే మెడను చాకుతో కొద్దిగా పలచన చేసి మళ్లీ లాగండి. ఎంత తీస్తే కదిలిందో కొలిచి, మూల నమూనా మీద అంతే చెక్కండి. తొట్టి దగ్గర గడిపిన ఆ గంట తర్వాత పోసే ప్రతి ఎరలోనూ కనిపిస్తుంది. ఎర మొత్తం గిరగిరా తిరుగుతుంటే గుచ్చడం వంకర, లేదా పరిచినప్పుడు ఒంగిపోయింది.

నిల్వ, వాడకం

ఎరల మీద మందుల దుకాణంలో దొరికే లిక్విడ్ పారాఫిన్ రెండు చుక్కలు వేసి రుద్దితే ఒకదానికొకటి అతుక్కోవు. కొబ్బరి నూనె వద్దు, చలికి గడ్డకడుతుంది, ముక్కిపోతుంది. వాసన కోసం వెల్లుల్లి నూనె గాని, సోంపు నూనె గాని అందులోనే కలపవచ్చు. ముదురు రంగులను, లేత రంగులను వేరువేరు సంచుల్లో పెట్టండి, ఒకదాని రంగు ఇంకొకదానికి దిగుతుంది. గట్టి ప్లాస్టిక్ డబ్బాల్లో వేయవద్దు, ఎరలోని ప్లాస్టిసైజర్ కొన్ని రకాల డబ్బాలను కరిగించి రెండింటినీ ముద్ద చేస్తుంది. జిప్ సంచులు చాలు. ఎండలో నిలబెట్టిన కారులో వదలకండి.

మన ఊరి చెరువులు చాలావరకు మత్స్యకారుల సహకార సంఘాలు కౌలుకు తీసుకుని చేప పిల్లలను వదిలి పెంచుకునేవి. వారిని అడిగాకే గాలం వేయండి. వానలు పడ్డాక గట్టు పక్కన ఎర్రటి చిన్న పిల్లలు గుంపుగా నీటి మీద కదులుతుంటే, వాటి కింద తల్లీ తండ్రీ కొర్రమీన్లు కాపలా ఉన్నాయని అర్థం. అప్పుడవి ఏ ఎర వేసినా కోపంతో మీదికి వస్తాయి. పట్టడం సులువే, పట్టకండి. పెద్దవి పోతే ఆ గుంపంతా ఇతర చేపల పాలవుతుంది. తెలంగాణ రాష్ట్ర చేప కొర్రమీను, ఆ గౌరవం చెరువు గట్టు మీద కూడా దక్కాలి.

చిరిగిన ఎరలను నీటిలో వదలవద్దు. చేప, తాబేలు మింగితే అవి అరగవు, కడుపులోనే ఉండిపోతాయి. కాల్చనూ కాల్చవద్దు, కాలిన పీవీసీ పొగ విషం. పెట్టెలో ఒక ఖాళీ జిప్ సంచి పెట్టుకుని తెగిన తోకలు, చీలిన తలలు అందులో వేయండి. సంచి నిండాక వాటిని నీటితో కడిగి, నాలుగు రోజులు ఎండబెట్టి, ముక్కలు చేసి కరిగించండి. రంగులన్నీ కలిసి ముదురు గోధుమ రంగు వస్తుంది. దానికి నాలుగు చుక్కల నలుపు కలిపి, పెద్ద తెడ్డు ఉన్న అచ్చులో పోస్తే వానాకాలపు బురద నీటికి కావలసిన ఎరలు సిద్ధం.